క్లౌడ్ సర్వర్ పొద్దున పరుగు, మధ్యాహ్నం నత్తనడక: సమస్య - పరిష్కారం

ధాన్యం సీజన్ మొదలైతే మిర్యాలగూడ మిల్లుల నుంచి, పరీక్షల కాలం వస్తే నల్లగొండ, మహబూబ్‌నగర్ కోచింగ్ సెంటర్ల నుంచి ఒకటే ఫోన్: "సైట్ తిరుగుతనే ఉందన్నా, ఓపెన్ అయితలేదు." వెంటనే రెండో మాట: "ర్యామ్ పెంచుదామా?" ర్యామ్ సంగతి తర్వాత. ముందు చూడాల్సినవి చూడకుండా డబ్బులు పెట్టేవాళ్లే ఎక్కువ. అమెజాన్ ఈసీ2లో (కంప్యూటర్లను అద్దెకిచ్చే క్లౌడ్ సేవ) లైనక్స్ వర్చువల్ మెషీన్, అంటే పెద్ద కంప్యూటర్‌లో ఒక వాటాగా నడిచే సర్వర్, నడుపుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. లాగిన్ అవడం, సర్వీసు రీస్టార్ట్ చేయడం వచ్చనే అనుకుంటున్నాను.

సైట్ తెరుచుకుంటుంది, సేవ్ కొడితే ఎర్రర్

డిస్కు నిండింది. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఇదే, అయినా ఎవరూ చూడరు. డిస్కు ఎంత నిండిందో చూపే డీఎఫ్ కమాండ్ కొట్టండి. 100 శాతం కనిపిస్తే లాగ్ ఫైళ్లో, రోజూ తీసి అదే డిస్కులో పడేస్తున్న డేటాబేస్ బ్యాకప్‌లో కారణం. బ్యాకప్‌లను ఎస్3కి (అమెజాన్ ఫైల్ నిల్వ సేవ) పంపండి, పాత లాగ్‌లు వాటంతటవే పోయేలా లాగ్ రొటేషన్ పెట్టండి. పెద్ద లాగ్ తీసేసినా చోటు రాలేదంటే దాన్ని తెరిచి ఉంచిన సర్వీసు ఇంకా వదల్లేదన్నమాట, ఆ సర్వీసును రీస్టార్ట్ చేయండి. కన్సోల్‌లో (అమెజాన్ కంట్రోల్ పేజీ) డిస్కు సైజు పెంచి ఊరుకుంటే కూడా సరిపోదు. లోపల పార్టిషన్‌నూ ఫైల్ సిస్టమ్‌నూ పెంచాలి.

పొద్దున చకచకా, మధ్యాహ్నానికి మొరాయింపు

అందరినీ తిప్పలు పెట్టేది ఇదే. ధర్మకాంట మీద లారీ ఎక్కి ఉంటుంది, బరువు కొడితే చీటీ రావడానికి నిమిషం పడుతుంది. కన్సోల్‌లో సీపీయూ గ్రాఫ్ మాత్రం 10 శాతం దగ్గరే ఉంటుంది. "సీపీయూ ఖాళీగానే ఉంది కదా" అని కోడ్ రాసినవాణ్ణి, డేటాబేస్‌ని, చివరికి నెట్ కనెక్షన్‌ని కూడా అనుమానిస్తారు. ఆ గ్రాఫ్‌ను ఇంకోసారి చూడండి. మామూలు గ్రాఫ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది. స్కేలు పెట్టి గీసినట్టు 10 దగ్గరే ఆగిందంటే మెషీన్ ఖాళీగా లేదు, దాన్ని అంతకుమించి కదలనివ్వడం లేదు.

టీ2, టీ3 రకం చవక మెషీన్లలో మీరు అద్దెకు తీసుకున్నది పూర్తి సీపీయూ కాదు, వాడకాన్ని క్రెడిట్లలో లెక్కిస్తారు. ఒక క్రెడిట్ అంటే ఒక వర్చువల్ సీపీయూను నిమిషం పాటు పూర్తిగా వాడుకునే వీలు. రెండు సీపీయూలుండే టీ3 మైక్రోకు గంటకు 12 క్రెడిట్లు జమవుతాయి, గరిష్ఠంగా 288 నిల్వ ఉంటాయి. మిద్దె మీది ట్యాంకు సన్నటి ధారతో నిండుతుంటే కింద బకెట్లతో తోడుకున్నట్టు. రాత్రి 9 నుంచి పొద్దున 9 దాకా పనేమీ లేకపోతే 144 చేరతాయి. ఆ తర్వాత రెండు సీపీయూలూ సగం సగం పనిచేస్తే గంటకు 60 ఖర్చు, 12 జమ. నికరంగా 48 పోతాయి. మూడు గంటల్లో, అంటే సరిగ్గా మధ్యాహ్నం 12కి, ఖాతా ఖాళీ. ఇక మిగిలేది గంటకు జమయ్యే 12 క్రెడిట్లతో నడిచే ఆ 10 శాతమే.

రుజువు కావాలంటే మెషీన్ లోపల టాప్ కమాండ్ కొట్టి 'ఎస్‌టీ' అన్న అంకె చూడండి. మీ మెషీన్ పని చేద్దామనుకున్నా హైపర్‌వైజర్ (వర్చువల్ మెషీన్లకు సీపీయూ పంచే సాఫ్ట్‌వేర్) సీపీయూ ఇవ్వని సమయం అది. తర్వాత అమెజాన్ గ్రాఫ్‌లు చూపే క్లౌడ్‌వాచ్‌లో సీపీయూ క్రెడిట్ బ్యాలెన్స్ గ్రాఫ్ తెరవండి. సున్నాకు అతుక్కుని ఉంటే ఇక వెతకక్కర్లేదు.

దీన్ని కప్పిపెట్టేది స్టాప్-స్టార్ట్ వైద్యం. టీ2 మైక్రోను ఆపి మళ్లీ మొదలుపెడితే పాత క్రెడిట్లు పోయి, కొత్తగా 30 చేతికొస్తాయి. అరగంట బ్రహ్మాండంగా నడుస్తుంది. "రీస్టార్ట్ చేస్తే సెట్ అయింది" అని నమ్మకం కుదురుతుంది, రోజూ అదే పని. టీ3లో ఆ కానుక కూడా లేదు. ఆపితే పాత బ్యాలెన్స్ ఏడు రోజులు అలాగే ఉంటుంది, ఆగి ఉన్నంతసేపూ కొత్తగా జమకాదు. ఉత్త రీబూట్ వల్ల ఎందులోనూ ఒరిగేదేమీ లేదు.

టీ3 మామూలుగా అన్‌లిమిటెడ్ మోడ్‌లోనే వస్తుంది, అంటే క్రెడిట్లు అయిపోయినా ఆగకుండా నడిచి, అదనానికి బిల్లు వేస్తుంది. బిల్లు భయంతో ఎవరో స్టాండర్డ్‌కి మార్చి ఉంటారు, అందుకే ఈ నత్తనడక. మార్చకపోతే అదే జబ్బు బిల్లులో బయటపడుతుంది. అదనంగా వాడిన ప్రతి వర్చువల్ సీపీయూ గంటకు లైనక్స్‌లో 5 సెంట్లు. పై లెక్కలో అదనం రోజంతా సాగితే గంటకు 4 సెంట్లు. ఆ మెషీన్ అద్దేమో గంటకు దాదాపు ఒక సెంటు!

ఇప్పటికిప్పుడు లారీలు కదలాలంటే అన్‌లిమిటెడ్ చేయండి, మెషీన్ ఆపక్కర్లేదు. సాయంత్రం కూర్చుని సీపీయూను ఏది తింటోందో చూడండి. చాలాసార్లు పట్టపగలు నడిచే బ్యాకప్ కంప్రెషనో, ప్రతి చీటీకీ పీడీఎఫ్ తయారుచేసే ముక్కో దొరుకుతుంది. రాత్రికి మార్చదగ్గవి మార్చండి. అప్పటికీ రోజంతా సగం సీపీయూ కావాలంటే టీ సిరీస్ మీకు పనికిరాదు. టీ3 లార్జ్‌కు వెళ్లినా హామీ ఒక్కో సీపీయూకు 30 శాతమే. క్రెడిట్ల గోల లేకుండా పూర్తి సీపీయూ ఇచ్చే ఎం సిరీస్‌కు మారండి.

"మేము కంటైనర్లకు మారాం, వీఎంల (వర్చువల్ మెషీన్ల) గోల మాకు లేదు" అనేవాళ్లకూ ఇది వర్తిస్తుంది. కంటైనర్లను నడిపించే కుబెర్నెటీస్‌లో నోడ్ (కింద ఉండే మెషీన్) టీ3 అయితే దాని మీది పాడ్‌లన్నీ (కంటైనర్ గుంపులు) ఒకేసారి మూలుగుతాయి. సర్వర్‌లెస్, అంటే సర్వర్ గోల లేకుండా కోడ్ నడుస్తుందనుకునే అమెజాన్ లాంబ్డా కూడా ఫైర్‌క్రాకర్ అనే చిన్న వర్చువల్ మెషీన్లలోనే నడుస్తుంది. వీఎం ఎక్కడికీ పోలేదు, కింది అంతస్తుకు దిగింది. అక్కడికి దిగి చూసేవాళ్లు తగ్గారు, అంతే.

క్రెడిట్లు ఉన్నాయి, అయినా రిపోర్టు తీస్తే స్తంభన

డిస్కు జీపీ2 (అమెజాన్ పాత తరం ఎస్‌ఎస్‌డీ) రకమా చూడండి. దానికీ సీపీయూ క్రెడిట్ల లాంటి బరస్ట్ ఖాతా ఉంటుంది. చిన్న డిస్కుకు హామీ సెకనుకు 100 ఆపరేషన్లే (చదవడం, రాయడం), నిల్వ ఉన్నంతసేపే 3,000. జీపీ3లో సైజుతో పనిలేకుండా 3,000 ఉంటాయి. మెషీన్ నడుస్తుండగానే మార్చుకోవచ్చు.

స్టాప్-స్టార్ట్ తర్వాత సైట్ అసలే రాదు

పబ్లిక్ ఐపీ (ఇంటర్నెట్‌లో మీ మెషీన్ చిరునామా) మారింది, మీ డొమైన్ పాతదాన్నే చూపిస్తోంది. ఆపినా మారని ఎలాస్టిక్ ఐపీ తగిలించండి.

మిగతావి

టాప్‌లో ముక్కూమొహం తెలియని ప్రాసెస్ సీపీయూ మొత్తం తింటుంటే ఎవరో చొరబడి క్రిప్టో మైనింగ్ చేస్తుండొచ్చు. శుభ్రం చేస్తూ కూర్చోకుండా కొత్త మెషీన్ కట్టి, పాస్‌వర్డ్‌లు, కీలు మార్చండి. కన్సోల్‌లో సిస్టమ్ స్టేటస్ చెక్ ఫెయిలైతే కింది హోస్ట్‌లో, అంటే మీ మెషీన్ నడిచే అమెజాన్ అసలు కంప్యూటర్‌లో, తేడా ఉంది. అప్పుడు స్టాప్-స్టార్ట్ నిజంగానే మందు, మెషీన్ వేరే హోస్ట్ మీదికి వెళ్తుంది. పక్క మెషీన్‌వాడు మన వాటా తింటున్నాడన్న అనుమానం చాలామంది చెప్తారు. క్రెడిట్ గ్రాఫ్ చూశాక అది మాట్లాడదాం.