బోరు నీళ్లతో గీజరు, వాషింగ్ మెషీన్, కూలర్లలో వచ్చే ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

గీజరు చప్పుడు చేసినా, వాషింగ్ మెషీన్‌లోకి నీళ్లు సన్నగా వచ్చినా, కూలరు మోటారు ఆగిపోయినా ఒంగోలు, కందుకూరు, కావలి ప్రాంతాల్లో మొదట వినిపించే మాట "ఉప్పునీళ్లండీ, ఇక్కడ ఇంతే" అన్నదే. ఆ మాటలో సగమే నిజముంది. నీటిలోని ఉప్పు, కాఠిన్యం (కాల్షియం, మెగ్నీషియం లవణాలు), ఇనుము, ఇసుక నాలుగూ వేర్వేరు దోషాలు, ఒకదానికి పనికొచ్చే మందు మరొకదానికి పనికిరాదు. అందువల్ల వస్తువును విప్పడానికి ముందే దానిలో పేరుకున్నది ఏమిటో తేల్చుకోవడం మంచిది.

పేరుకున్నది ఏమిటి?

కుళాయి మూతి నుంచో, కెటిల్ అడుగు నుంచో చిన్న పెళ్ల గీకి తీయండి. అది మామూలు మంచినీటిలో కరిగిపోతే నీరు ఆవిరై మిగిలిన ఉప్పు అన్నమాట. నీటిలో కరగకుండా, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపిన గోరువెచ్చని నీటిలో వేసినప్పుడు బుడగలు వచ్చి కరుగుతుంటే అది కాల్షియం కార్బొనేట్, అంటే అసలైన గార. ఎర్రగా, గోధుమ రంగులో ఉండి బట్టకు మరక అంటిస్తే అది ఇనుము. వేళ్ల మధ్య గరగరలాడితే బోరు నుంచి వచ్చిన ఇసుక. నిమ్మ ఉప్పుకు కూడా చలించని గట్టి పొర అయితే అందులో కాల్షియం సల్ఫేటో, సిలికానో ఎక్కువగా ఉందని అనుకోవచ్చు, అటువంటి పొర పట్టిన భాగాన్ని గంటల తరబడి నానబెట్టడం కన్నా మార్చుకోవడమే మేలు.

చాలామంది చేతిలో ఉండే టీడీఎస్ మీటరు ఈ విషయాన్ని చెప్పలేదు. అది నీటి విద్యుత్ వాహకతను కొలిచి, కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకెగా చూపుతుంది. అందుకే సముద్రానికి దగ్గరగా ఉన్న కొత్తపట్నం వైపు బోరుకూ, పడమటి రాతి నేలలోని బోరుకూ మీటరు ఒకే 1200 చూపవచ్చు. మొదటి దానిలో సోడియం క్లోరైడు ఎక్కువైతే ఇనుప భాగాలు తుప్పు పడతాయి, రెండో దానిలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే గార కడుతుంది. కాఠిన్యాన్ని చుక్కలు లెక్కపెట్టే చిన్న కిట్‌తో ఇంట్లోనే కొలవవచ్చు, లేదా గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో పరీక్ష చేయించుకోవచ్చు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో మొత్తం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. ఈ హద్దులు తాగడానికి పెట్టినవే కాబట్టి, 600 ఉన్న నీరు గీజరుకు మాత్రం పెద్ద బరువే. అటువంటి నీరు 100 లీటర్లు తీసుకుంటే అందులో 60 గ్రాముల సున్నపు లవణాలు ఉంటాయి. అవన్నీ గీజరులోనే దిగబడవు గానీ, అందులో కొద్ది భాగం రోజూ దిగబడినా ఏడాది తిరిగేసరికి అది చిన్న మొత్తమేమీ కాదు.

గీజరు

స్విచ్ వేసిన కొద్దిసేపటికి లోపల గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు రావడం తొలి లక్షణం. కాల్షియం బైకార్బొనేట్ చల్లటి నీటిలో కరిగే ఉంటుంది, వేడి తగిలినప్పుడు కార్బన్ డయాక్సైడు వదిలి కరగని కార్బొనేట్‌గా మారి, అన్నిటికన్నా వేడిగా ఉన్న చోట, అంటే హీటర్ కాయిల్ మీద అతుక్కుంటుంది. ఆ పొర కింద చిక్కుకున్న నీరు ఆవిరై పగిలే చప్పుడే మనకు వినబడేది.

ఇంతకుముందు రెండు బకెట్లు వచ్చే వేడినీళ్లు ఇప్పుడు ఒకటిన్నర బకెట్టుకే చల్లబడుతున్నాయంటే, రాలిన గార ట్యాంకు అడుగున చేరి నీటి చోటును ఆక్రమించి ఉండవచ్చు. గార పట్టిన గీజరు కరెంటును విపరీతంగా తాగేస్తుందని అందరూ అంటారు గానీ, నీటిలో మునిగి ఉన్న కాయిల్ విషయంలో అది అంత నిజం కాదు, కాయిల్ పుట్టించిన వేడి ఎటూ పోలేక చివరికి నీటిలోకే చేరుతుంది. అసలు నష్టం మరోచోట ఉంది. పొర అడ్డుపడి వేడి త్వరగా బయటికి పోలేకపోవడం వల్ల కాయిల్ ఉపరితలం మితిమీరి కాగి, దాని లోహపు తొడుగు చిట్లుతుంది. ఆ చీలికలోంచి నీరు లోపలికి దిగితే కరెంటు ఎర్త్‌కు లీకవుతుంది. గీజరు వేసినప్పుడల్లా ఇంటి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) పడిపోతుంటే మొదట అనుమానించవలసింది దీనినే. ఆ రక్షణ పరికరం లేని ఇంట్లో ఈ లోపం కుళాయి పట్టుకున్నవారికి షాక్‌గా బయటపడవచ్చు, కాబట్టి అటువంటి గీజరును మెకానిక్ చూసేదాకా వాడకూడదు.

నీళ్లు అసలు వేడెక్కకపోతే, సరఫరా పూర్తిగా ఆపిన తరువాత కాయిల్ రెండు కొసల మధ్య మల్టీమీటరుతో నిరోధం చూడాలి. రెండు కిలోవాట్ల కాయిల్‌కు సుమారు 26 ఓములు చూపితే కాయిల్ బాగానే ఉంది, లోపం థర్మోస్టాట్‌లోనో (వేడిని అదుపు చేసే స్విచ్), కటౌట్‌లోనో (వేడి మితిమీరితే కరెంటు ఆపేది) ఉన్నట్టు. ఏమీ చూపకపోతే కాయిల్ తెగిపోయింది.

శుభ్రం చేసేటప్పుడు ఎంసీబీ ఆపి, నీటిని పూర్తిగా చల్లారనిచ్చి, లోపలికి వచ్చే వాల్వ్ కట్టి, ట్యాంకును ఖాళీ చేయాలి. మెకానిక్ చేత కాయిల్ బయటికి తీయించి, లీటరు గోరువెచ్చని నీటికి 50 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపిన ద్రావణంలో బుడగలు ఆగేదాకా నానబెట్టి కడిగితే చాలు. బాత్రూములు కడిగే యాసిడ్‌ను కొందరు మెకానిక్‌లు వేగంగా పని అవుతుందని వాడతారు, అది గారతో పాటు లోహాన్ని, ట్యాంకు లోపలి పూతను కూడా తింటుంది కాబట్టి ఒప్పుకోకూడదు. విప్పిన రోజునే మెగ్నీషియం ఆనోడ్ కడ్డీని కూడా చూడండి. ట్యాంకు బదులు తాను కరిగిపోవడమే దాని పని, లవణాలు ఎక్కువగా ఉన్న నీటిలో ఆ పని త్వరగా ముగుస్తుంది. కడ్డీ బాగా సన్నబడి లోపలి తీగ కనబడుతుంటే ట్యాంకు కారడం మొదలయ్యే లోపే మార్చాలి. ఆ తరువాత థర్మోస్టాట్‌ను 55 డిగ్రీల దగ్గర ఉంచితే గార నెమ్మదిస్తుంది. 70 డిగ్రీలకు కాచి, చన్నీళ్లు కలుపుకొని స్నానం చేసే అలవాటు గారను పిలిచి పెంచుకోవడమే.

వాషింగ్ మెషీన్

నీళ్లు సన్నగా వచ్చి మెషీన్ మధ్యలో ఆగిపోతుంటే కుళాయి కట్టి, వెనుక ఉన్న ఇన్లెట్ పైపు విప్పి, దాని మూతిలోని చిన్న జల్లెడను బయటికి లాగి చూడాలి. ఇసుక ఉంటే కడిగితే పోతుంది, గార ఉంటే నిమ్మ ఉప్పులో నానబెట్టాలి. జల్లెడ శుభ్రంగానే ఉన్నా ధార రాకపోతే మిద్దె మీది ట్యాంకు ఎత్తు చాలడం లేదేమో చూడండి.

తువ్వాళ్లు అట్టల్లా గట్టిపడటం, ముదురు రంగు బట్టల మీద బూడిద రంగు చారలు మిగలడం కాల్షియం వల్లనే. అది సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి నూలులో ఇరుక్కుంటుంది, డిటర్జెంటు బలాన్ని కూడా కొంత మింగేస్తుంది. కఠిన జలానికి ఎంత వేయాలో చాలా డిటర్జెంటు పెట్టెల మీద విడిగా ఇస్తారు, ఆ కొలతే పాటించాలి. వాషింగ్ సోడాను నేరుగా మెషీన్‌లో వేయవద్దు. అది నీటిలోని కాల్షియాన్ని మెషీన్ లోపలే సున్నంగా దించుతుంది. హీటరు ఉన్న మెషీన్‌ను రెండు నెలలకొకసారి బట్టలు లేకుండా, 100 గ్రాముల నిమ్మ ఉప్పుతో, 60 డిగ్రీల వద్ద తిప్పితే సరిపోతుంది, అయితే తయారీదారు పుస్తకం దానిని నిషేధించి ఉంటే మానాలి. నిమ్మ ఉప్పును గాని, మరే ఆమ్లాన్ని గాని బ్లీచింగ్ పదార్థంతో ఎన్నడూ కలపకూడదు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

కూలరు

రోహిణి కార్తెలో కూలరు గాలి పల్చబడితే ఫ్యానును తప్పుపట్టేముందు ప్యాడ్లను చూడాలి. కూలరులో నీరు ఆవిరై పోతుంది గానీ లవణాలు పోవు. ఖాళీ అయినప్పుడల్లా పైనుంచి నింపుతూ ఉంటే తొట్టిలోని నీరు రోజురోజుకూ చిక్కబడి, ప్యాడ్ల రంధ్రాలు మూసుకొని, పంపు ఫ్యాను ఇరుక్కుపోతుంది. రెండు మూడు రోజులకొకసారి తొట్టిని పూర్తిగా ఖాళీ చేయడం కన్నా మంచి మందు దీనికి లేదు.

ఆర్‌ఓ, ఇస్త్రీ పెట్టె, బ్యాటరీ

ఆర్‌ఓ నుంచి నీళ్లు తక్కువగా వస్తూ, వచ్చిన నీటి టీడీఎస్ మాత్రం మునుపటిలాగే ఉంటే మొదట ముందు ఫిల్టర్లను మార్చి చూడాలి. వాటిని మార్చినా ధార పెరగకపోతే మెంబ్రేన్ (లవణాలను వడగట్టే పల్చని పొర) మీద గార కట్టినట్టు. ధార బాగానే ఉండి టీడీఎస్ పెరుగుతుంటే మెంబ్రేన్ చెడిపోయింది. ఆవిరి ఇస్త్రీ పెట్టెలో ఆర్‌ఓ నీళ్లు పోస్తే చాలు. ఇన్వర్టర్ బ్యాటరీకి మాత్రం డిస్టిల్డ్ వాటరే పోయాలి.

నీటినే మార్చడం

వస్తువులను ఒక్కొక్కటిగా కడుక్కోవడం కన్నా గీజరుకూ, మెషీన్‌కూ వెళ్లే నీటిని మార్చడం తెలివైన పని. ఒంగోలులో మున్సిపల్ కుళాయికి వచ్చే సాగర్ కాలువ నీరు, నెల్లూరులో పెన్నా నీరు సాధారణంగా బోరు నీటికన్నా ఎంతో మృదువుగా ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ నీటినీ బోరు నీటినీ ఒకే సంపులో కలిపేసి మేలును పోగొట్టుకుంటున్నారు. మిద్దె మీద రెండో ట్యాంకు పెట్టి, కుళాయి నీటి లైనును గీజరుకు, మెషీన్‌కు మాత్రమే ఇచ్చి, మిగతా వాడకానికి బోరును ఉంచుకుంటే ఖర్చు ఆ ట్యాంకుతో, ప్లంబరు పనితోనే తీరిపోతుంది.

కుళాయి నీరే లేని చోట రెజిన్ సాఫ్ట్‌నర్ పనిచేస్తుంది. అది కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకొని బదులుగా సోడియంను వదులుతుంది, నిండినప్పుడు ఉప్పునీటితో కడిగితే మళ్లీ సిద్ధమవుతుంది. దాని తరువాత టీడీఎస్ అంకె తగ్గకపోతే యంత్రం పనిచేయలేదని అనుకోవద్దు, తగ్గదు, తగ్గవలసింది కాఠిన్యం మాత్రమే. పైపుకు అయస్కాంతం కట్టే పరికరాలకు డబ్బు పెట్టమని నేను సలహా ఇవ్వను, వాటి ఫలితాలు నిలకడగా కనబడలేదు. సాఫ్ట్‌నర్ ఫ్లోరైడును తొలగించదు కాబట్టి కనిగిరి, పొదిలి వంటి ఫ్లోరైడు ప్రాంతాల్లో దానిని తాగునీటి శుద్ధిగా లెక్కించరాదు. సోడియం పెరుగుతుంది కనుక, రక్తపోటు ఉన్నవారి ఇంట్లో వంటగది కుళాయిని ఆ లైనుకు కలపకుండా వేరుగా ఉంచమని ప్లంబరుకు ముందే చెప్పాలి.