డిప్లొమసీ ఆటలో ఆస్ట్రియా: 1901 ఎత్తులు

డిప్లొమసీ అంటే యూరప్ పటంపై ఏడు దేశాలుగా ఆడే బోర్డ్ గేమ్. ఆట 1901లో మొదలవుతుంది, ఏటా వసంతం, శరదృతువు అని రెండు విడతల్లో ఎత్తులు వేస్తారు. ఇందులో ఆస్ట్రియాకు మొదట ఉండేవి మూడు దళాలే: వియన్నా, బుడాపెస్ట్‌లలో సైన్యాలు, ట్రియెస్ట్‌లో నౌకాదళం. ముందు ఇటలీతో మాట్లాడండి. వెనిస్ నుంచి ట్రియెస్ట్‌కు ఒక్క ఎత్తు చాలు. ‘దాడి చెయ్యను’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. వెనిస్ సైన్యం ఎటు కదులుతుందో చెప్పించుకోండి. జవాబు తడబడితే నమ్మకండి.

వసంతంలో బుడాపెస్ట్ సైన్యం సెర్బియాకు, నౌకాదళం అల్బేనియాకు. శరదృతువులో సెర్బియాలోని సైన్యం కదలకుండా మద్దతిస్తే (అంటే తన బలాన్ని మరో దళం ఎత్తుకు కలిపితే) అల్బేనియా నుంచి నౌకాదళానికి గ్రీసు దక్కుతుంది. బల్గేరియా నుంచి టర్కీ సెర్బియాపై దాడి చేస్తే ఆ మద్దతు తెగుతుంది, కాబట్టి టర్కీని రష్యా వైపు మళ్లించే బేరం ముందే కుదరాలి.

అసలు చిక్కు వియన్నాదే. అక్కడి సైన్యాన్ని గలీసియాకు పంపితే వార్సా నుంచి వచ్చే రష్యా సైన్యం దానితో సమాన బలంతో ఢీకొని ఆగుతుంది. ట్రియెస్ట్‌కు పంపితే ఇటలీ ఆగుతుంది. రెండూ కుదరవు. ఇటలీపై అనుమానముంటే ట్రియెస్టే మేలు.