మైక్రోవేవ్ ఫిల్టర్లు, 6వ పాఠం: ఆపిన సిగ్నల్ మళ్లీ ఎందుకొచ్చింది?

పోయిన పాఠంలోని 2 గిగాహెర్ట్జ్ లో-పాస్ ఫిల్టర్ (2 అనే కటాఫ్ దాకా వదిలి, ఆ పైవి ఆపాల్సింది) చేసినవాళ్లలో చాలామందిది ఒకటే ఫిర్యాదు: "4 దగ్గర చక్కగా ఆపింది, 8 దగ్గర మళ్లీ వదిలేస్తోంది. సోల్డరింగ్ సరిగా లేదా?" సోల్డరింగ్ తప్పేం లేదు, బోర్డు పారేయకండి. ఇవాళ కపుల్డ్ లైన్లు (ఒకదాని సిగ్నల్ ఇంకోదానికి అందేంత దగ్గరగా పక్కపక్కన గీసినవి) మొదలుపెడదామనుకున్నాను గానీ, ముందు ఇది తేలాలి.

1915లో అమెరికాలో క్యాంప్‌బెల్, జర్మనీలో వాగ్నర్ ఎవరికి వారు కనిపెట్టిన ఫిల్టర్లలో ఉన్నవి కాయిళ్లు, కెపాసిటర్లు. గిగాహెర్ట్జ్‌కి వచ్చేసరికి చుట్ల మధ్యే కెపాసిటెన్స్ పుట్టి కాయిల్ కాయిల్‌లా పనిచేయదు. అందుకే వాటి బదులు సిగ్నల్ మోసే లైన్ ముక్కలే వాడతాం. 1937లో మేసన్, సైక్స్ వాటితో ఫిల్టర్ల మీద రాశారు. 1948లో రిచర్డ్స్ లెక్క కుదిర్చాడు: కెపాసిటర్ బదులు ఓపెన్ స్టబ్ (చివర తెరిచి వదిలిన లైన్ ముక్క), ఇండక్టర్ అంటే కాయిల్ బదులు షార్ట్ స్టబ్ (చివర గ్రౌండ్‌కి కలిపిన ముక్క), ఫ్రీక్వెన్సీ బదులు టాన్ θ. θ అంటే స్టబ్ పొడవు డిగ్రీల్లో, పూర్తి తరంగదైర్ఘ్యం 360. పోయినసారి మనం వాడింది ఇదే.

తంటా అంతా ఆ టాన్‌తోనే. 2 దగ్గర స్టబ్ పొడవు తరంగదైర్ఘ్యంలో 8వ వంతు, θ 45 డిగ్రీలు, టాన్ 1. 4 దగ్గర 90 డిగ్రీలు, టాన్ అనంతం: ఓపెన్ స్టబ్ లైన్‌ని గ్రౌండ్‌కి షార్ట్ చేసేస్తుంది. 6 దగ్గర 135, టాన్ మైనస్ 1. గుర్తు మారిందంతే, విలువ 2 దగ్గరిదే. కాబట్టి 6 దగ్గరే మళ్లీ పాస్‌బ్యాండ్ (సిగ్నల్‌ని వదిలే మేర) మొదలు. 8 దగ్గర 180, టాన్ సున్నా. ఫిల్టర్ దృష్టిలో 8 గిగాహెర్ట్జ్ అన్నా డీసీ అన్నా ఒకటే! 10 దాటాకే మళ్లీ ఆపడం. సిమ్యులేషన్ గ్రాఫ్‌ని 4 దగ్గరే కత్తిరించి "బ్రహ్మాండంగా వచ్చింది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. కటాఫ్‌కి కనీసం 5 రెట్ల దాకా గీయండి.

కపుల్డ్ లైన్లదీ ఇదే గొడవ. 1958లో కోన్ వివరించిన అర-తరంగ బ్యాండ్‌పాస్ ఫిల్టర్‌కి (మధ్యలో ఒక్క బ్యాండ్‌నే వదిలేది, అర తరంగదైర్ఘ్యం లైన్ ముక్కలే దాని రెసొనేటర్లు) స్ట్రిప్‌లైన్‌లో, అంటే పైనా కిందా ఒకే పదార్థం ఉన్న లైన్‌లో, రెండో పాస్‌బ్యాండ్ మొదటిదాని మధ్య ఫ్రీక్వెన్సీకి 3 రెట్ల దగ్గర వస్తుంది. మైక్రోస్ట్రిప్‌లో పైన గాలి, కింద బోర్డు. ఈవెన్ మోడ్ (రెండు లైన్లలో ఒకే గుర్తు వోల్టేజ్), ఆడ్ మోడ్ (ఎదురు గుర్తులు) వేగాలు కలవవు, 2 రెట్ల దగ్గరే తలెత్తుతుంది. రెసొనేటర్ వెడల్పును మధ్యలో మార్చి ఆ బ్యాండ్‌ని దూరంగా నెట్టే పద్ధతిని 1980లో మకిమోటో, యమషిత వివరించారు. నేనైతే అంత కష్టపడను, ముందు ఓ చిన్న లో-పాస్ తగిలించేస్తాను. లాస్ కాస్త పెరుగుతుంది, పెరగనీ.

అభ్యాసం: కటాఫ్ 3 గిగాహెర్ట్జ్. పోయినసారి పద్ధతిలోనే చేస్తే 30 లోపు ఎక్కడెక్కడ పూర్తిగా ఆగుతుందో, ఎక్కడెక్కడ తెరుచుకుంటుందో కాగితం మీదే తేల్చండి. తర్వాత, కటాఫ్ కదలకుండా 12 దగ్గర పూర్తిగా ఆపేలా స్టబ్ పొడవు మార్చండి. ఇంపీడెన్స్‌లన్నీ మారతాయి. వాటిలో మీ బోర్డు మీద గీయడానికి వీలైనవెన్నో కూడా చూసి పంపండి.