హాలండ్‌లో కార్ల గోల లేకుండా సైకిల్ టూర్ ఎలా వెయ్యాలంటే

మన బెజవాడ నుంచి హాలండ్ వెళ్లేవాళ్లు చాలామంది ఆమ్‌స్టర్‌డామ్ చూసి వచ్చేస్తున్నారు, ప్లీజ్ అండి, నాలుగు రోజులు సైకిల్ అద్దెకి తీసుకుని సముద్రం వైపు పొండి, అసలు అందం అంతా అక్కడే ఉంది.

దారి కోసం ఫోన్‌తో కుస్తీ పట్టక్కర్లేదు. సైకిల్ దారులు కలిసే చోట్ల నంబర్ బోర్డులుంటాయి, క్నోప్‌పుంటెన్ అంటారు, బయల్దేరేముందు మీ రూట్ నంబర్లు వరసగా చీటీ మీద రాసి హ్యాండిల్‌కి అంటించుకుని, బాణం ఎటు చూపిస్తే అటు తొక్కుకుంటూ పోవడమే.

ఎల్‌ఎఫ్ కుస్ట్‌రూట్ అని తీరం వెంట దాదాపు 600 కిలోమీటర్ల సైకిల్ దారి ఉంది, అంతా అక్కర్లేదు, హుక్ ఫాన్ హాలండ్ నుంచి డెన్ హెల్డర్ దాకా ఇసుక దిబ్బల పక్కన వెళ్లినా చాలు.

నేల బల్లపరుపే గానీ ఎదురుగాలి చుక్కలు చూపిస్తుంది. ఎక్కువగా నైరుతి నుంచే వీస్తుంది కాబట్టి దక్షిణం నుంచి ఉత్తరానికే వెళ్లండి. ఇక్కడే బందరు కాలవ గట్టు మీద, వెనక క్యారియర్‌కి రెండు బ్యాగులు కట్టి పొద్దున్నే ప్రాక్టీస్ చెయ్యండి, బరువుతో బ్యాలెన్స్ వేరేగా ఉంటుంది.

అక్కడ కుడివైపు తొక్కాలి, మర్చిపోవద్దు. రోడ్డు మీద తెల్ల త్రిభుజాల వరస కనపడి, వాటి కొసలు మీ వైపు తిరిగి ఉంటే మీరే దారి ఇవ్వాలి. చీకట్లో ముందూ వెనకా లైట్లు తప్పనిసరి.

అలిసిపోతే ట్రైన్ ఎక్కొచ్చు, సైకిల్‌కి వేరే టికెట్ తీసుకోవాలి, ఆఫీసు రద్దీ టైంలో మాత్రం ఎక్కనివ్వరు.