షేక్ డబ్బా మూత తీసే ముందు షుగర్ గోలీ స్ట్రిప్ చూడండి

శివరాత్రి దాటింది. ఇక ఎండలు, పెళ్లిళ్లు. హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ గల్లీల్లో ‘నెలకు పది కిలోలు తగ్గండి’ అనే బోర్డులు, వాట్సాప్ స్టేటస్‌లు ఈ కాలంలోనే ఎక్కువైతాయి. పొద్దున టిఫిన్ బదులు డబ్బాలోని పొడి కలిపి తాగే ఒక షేక్, రాత్రి బువ్వ బదులు ఇంకో షేక్. వాటి వెనకే ఇంకో కబురు కూడా వస్తుంది. షేక్ తాగి వాకింగ్‌కు పోయిన మనిషి గ్రౌండ్‌లో చెమటలు పట్టి కూలబడ్డాడని, దవాఖానకు తీసుకుపోయి చూస్తే షుగర్ నలభైల్లో ఉందని. ఈ మధ్య మళ్లీ అదే మాట వినబడుతోంది.

నూనె తగ్గించాలి, నీళ్లు తాగాలి, ఎనిమిది గంటలు పడుకోవాలి. ఇవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోవడం లేదు. మనుషులను నిజంగా దవాఖాన పాలు చేస్తున్న తప్పు ఒక్కటే ఉంది: తిండి తగ్గించి, షుగర్ గోలీ మాత్రం పాత డోసులోనే వేసుకోవడం.

అసలు ఏం జరుగుతుందంటే

డాక్టర్ గోలీ రాసినప్పుడు మీరు రోజూ తినే తిండిని లెక్కలో పెట్టుకుని రాస్తారు. పొద్దున నాలుగు ఇడ్లీలు తింటే ఒంట్లోకి 40 గ్రాములకు పైగా పిండి పదార్థం పోతుంది. నీళ్లలో కలిపిన ఒక షేక్‌లో ఉండేది చాలా రకాల్లో 10 నుంచి 15 గ్రాములే. గ్లిమెపిరైడ్ లాంటి గోలీకి ఈ తేడా తెలియదు. కడుపులోకి ఇడ్లీ వచ్చినా షేక్ వచ్చినా అది క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తూనే ఉంటుంది. దానిమీద ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లోనో, భద్రకాళి బండ్ మీదనో గంటసేపు నడిస్తే కండరాలు కూడా ఉన్న చక్కెరను లాగేస్తాయి. షుగర్ 70 కిందికి దిగితే చేతులు వణకడం, చెమట, దడ, విపరీతమైన ఆకలి. ఇంకా దిగితే చూపు మసకబారడం, మాట తడబడటం, తిక్కతిక్కగా ప్రవర్తించడం. ఆ తర్వాత ఫిట్స్, స్పృహ తప్పడం.

ఇక్కడే షేక్ అమ్మే కోచ్‌లు ప్రాణాల మీదికి తెచ్చే మాట ఒకటి చెప్తారు: “ఒంట్లో విషం బయటికి పోతోంది, మొదట్లో నీరసం అట్లనే ఉంటది, తట్టుకోండి.” ఆ నీరసం విషం పోవడం కాదు. మెదడుకు చక్కెర అందకపోవడం. షుగర్ గోలీ వేసుకునే మనిషికి షేక్ మొదలుపెట్టాక చెమట, వణుకు వస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే.

రాత్రి ప్రమాదం ఇంకా ఎక్కువ. బువ్వ బదులు షేక్ తాగి, రాత్రి గోలీ లేదా రెండు పూటలా తీసుకునే 30/70 మిక్స్ ఇన్సులిన్ ఎప్పటిలాగే తీసుకుంటే రెండు మూడు గంటల వేళ షుగర్ పడిపోతుంది. నిద్రలో తెలియదు. పీడకలలు, తెల్లారేసరికి చెమటకు తడిసిన బనియన్, దిండు, లేవగానే తలనొప్పి కనిపిస్తే ఆ రాత్రి షుగర్ పడిపోయి ఉండొచ్చు. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి గుండె, బీపీ గోలీలు వేసుకునేవాళ్లకు వణుకు, దడ సరిగా తెలియవు. చెమటే ముఖ్యమైన గుర్తు.

మీ స్ట్రిప్ మీద ఏం రాసి ఉంది

కంపెనీ పేరు పెద్దగా ఉంటుంది, దాన్ని వదిలేయండి. కింద చిన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది, అది చదవండి. గోలీలు కత్తిరించి విడిగా తెచ్చుకుంటే ఆ పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. ఈ ఒక్కసారికి పూర్తి స్ట్రిప్ అడిగి తీసుకోండి.

గ్లిమెపిరైడ్, గ్లిక్లాజైడ్, గ్లిపిజైడ్, గ్లైబెన్‌క్లమైడ్: వీటిలో ఏది ఉన్నా, ఇన్సులిన్ తీసుకుంటున్నా, డాక్టర్ డోసు మార్చకుండా ఒక్క షేక్ కూడా పూట తిండికి బదులుగా తాగొద్దు. పూట తిండి తగ్గితే గోలీ సంగతి తేలాల్సిందే.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. కానీ మన దగ్గర చాలామంది వాడేది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిపిన గోలీ. “నాది మెట్‌ఫార్మినే” అనుకుని మోసపోయేది ఇక్కడే.

వోగ్లిబోస్ కూడా కలిసి ఉంటే ఇంకో చిక్కు. ఈ మందు మామూలు చక్కెర అరగడాన్ని నెమ్మది చేస్తుంది. షుగర్ పడిపోయినప్పుడు చక్కెర నీళ్లు, బెల్లం, చాక్లెట్ పెట్టినా వెంటనే లేవదు. మెడికల్ షాపులో దొరికే అసలు గ్లూకోజ్ పొడే కావాలి. అది ఇంట్లో ఒకటి, వాకింగ్ ప్యాంటు జేబులో ఒక చిన్న పొట్లం ఉండాలి.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వేరే రకం. ఇవి చక్కెరను మూత్రంలోకి పంపుతాయి. తిండిలో పిండి పదార్థం బాగా తగ్గించి ఇవి వాడితే రక్తంలో కీటోన్ ఆమ్లాలు పేరుకుపోవచ్చు. మోసం ఎక్కడంటే, అప్పుడు గ్లూకోమీటర్ మీద షుగర్ మామూలుగానే కనిపించొచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఎగపోత కనిపిస్తే “షుగర్ బాగానే ఉంది కదా” అని ఇంట్లో కూర్చోవద్దు. వరంగల్ ఎంజీఎం దవాఖాన అయినా, దగ్గర్లోని పెద్ద దవాఖాన అయినా, ఎమర్జెన్సీకి పోయి వాడుతున్న గోలీ పేరు చెప్పి కీటోన్ పరీక్ష అడగండి.

బీపీ గోలీలదీ ఇదే లెక్క. తిండి తగ్గిన మొదటి రెండు వారాల్లో ఒంట్లోని ఉప్పు, నీరు దిగిపోతాయి, బీపీ దానంతట అదే తగ్గుతుంది. దానిమీద టెల్మిసార్టన్‌తోపాటు మూత్రం ఎక్కువ చేసే మందు, రామగుండం ఎండ తోడైతే మంచం మీద నుంచి లేచేటప్పుడు కళ్లు తిరిగి పడతారు. తుంటి ఎముక విరిగేది ఇట్లనే.

షేక్‌లు పనికిరావా అంటే

పనికొస్తాయి, అది ఒప్పుకోవాలి. బ్రిటన్‌లో చేసిన డైరెక్ట్ అనే పరిశోధన ఫలితాలు 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. మధుమేహం వచ్చి ఆరేళ్లు దాటనివాళ్లు, ఇన్సులిన్ వాడనివాళ్లు మాత్రమే అందులో ఉన్నారు. మూడు నుంచి అయిదు నెలలు రోజుకు 825 నుంచి 853 కేలరీల షేక్‌లు, సూపులే తిండి. తర్వాత రెండు నుంచి ఎనిమిది వారాల్లో మెల్లగా మామూలు తిండి. ఏడాదికి 46 శాతం మందికి గోలీలు లేకుండానే షుగర్ అదుపులోకి వచ్చింది. రెండేళ్లకు అది 36 శాతం.

ఆ పరిశోధనలో మొదటి రోజే షుగర్ గోలీలు, బీపీ గోలీలు ఆపించారు. తర్వాత నర్సులు, డైటీషియన్లు క్రమం తప్పకుండా చూసుకుంటూ, అవసరమైనవాళ్లకు తిరిగి ఇచ్చారు. మన గల్లీకి షేక్ డబ్బా వచ్చింది, ఆ మొదటి రోజు పని మాత్రం రాలేదు.

ఇంకో లాభం, తిండి కొలత తెలుస్తుంది. ఏం తినాలా అని రోజూ తర్జనభర్జన ఉండదు. డ్యూటీలు మారే రైల్వే, సింగరేణి ఉద్యోగులకు అది చిన్న సాయం కాదు. కానీ డబ్బా ఆపిన నాడు ఏం తినాలో ముందే నేర్చుకోకపోతే బరువు మళ్లీ వస్తుంది. మొదటి నాలుగు రోజుల్లో తగ్గే రెండు మూడు కిలోల్లో ఎక్కువ భాగం నీరే. కాలేయంలో, కండరాల్లో దాచుకున్న చక్కెర ఖర్చయ్యేటప్పుడు దాంతో ఉన్న నీరు కూడా పోతుంది. అది చూసి డబ్బాలకు డబ్బాలు కొనొద్దు.

డబ్బా వెనక చదవాల్సినవి

పూట తిండికి బదులు అని అమ్మేదాంట్లో 200 నుంచి 400 కేలరీలు ఉండాలని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ 1991 ప్రమాణం చెప్తుంది. మన దగ్గర చాలా పొడుల్లో ఒక స్కూపుకు వచ్చేది 100, 120. మిగతాది పాలు కలిపితేనే వస్తుంది: 250 మిల్లీలీటర్ల టోన్డ్ పాలలో దాదాపు 150 కేలరీలు, 8 గ్రాముల ప్రోటీన్. తొందరగా తగ్గాలని నీళ్లలో కలుపుకుంటే రెండు షేక్‌లు, మధ్యాహ్నం ఓ కప్పు అన్నం, కూర కలిపి రోజుకు 700 దాటదు. 800 లోపు డైట్ డాక్టర్ చూపులోనే చేయాలి.

‘చక్కెర లేదు’ అని ముందు రాసి, వెనక మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి) ఉంటే అది చక్కెరలాగే షుగర్ పెంచుతుంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు 14 అంకెలు ఉండాలి. గ్లాసుల్లో పోసి ఇచ్చే సెంటర్లలో డబ్బా చూపించమని అడగండి. చూపించకపోతే తాగొద్దు.

ప్రోటీన్ రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాములు అని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) లెక్క. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. రెండు గుడ్లు 12, 30 గ్రాముల మీల్‌మేకర్ 15, ఒక గిన్నె పప్పు 7, పెరుగు, జొన్నరొట్టె కలిస్తే డబ్బా లేకుండానే అక్కడికి చేరతాం.

మొదలుపెడితే ఇవి తప్పవు

అన్ని గోలీల స్ట్రిప్‌లు, షేక్ డబ్బా రెండూ డాక్టర్ ముందు పెట్టండి. “ఏ గోలీ ఆపాలి, ఏది సగం చేయాలి, ఏది ఉంచాలి, షుగర్ ఎంతకు దిగితే ఫోన్ చేయాలి” అని అడిగి కాగితం మీద రాయించుకోండి.

సొంతంగా అన్నీ ఆపడం కూడా తప్పే. ఇన్సులిన్ మీద బతికే టైప్ 1 వాళ్లు ఈ డైట్ జోలికే పోవద్దు.

క్రియాటినిన్, పొటాషియం, యూరిక్ యాసిడ్, లివర్ పరీక్షలు ముందే చేయించండి.

మొదటి పది రోజులు పరగడుపున, మధ్యాహ్నం తినే ముందు, రాత్రి తినే ముందు షుగర్ చూసుకోండి. రెండు రాత్రులు మూడు గంటలకు అలారం పెట్టి చూడండి. 100 లోపుకు దిగుతుంటే డాక్టర్‌కు చెప్పండి, 70 దాకా ఆగొద్దు.

నడకకు ముందు 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని కాసేపాగి పోండి. ఒంటరిగా పోవద్దు.

థైరాయిడ్ గోలీ మింగి వెంటనే షేక్ తాగొద్దు. అందులోని కాల్షియం, ఐరన్ గోలీని పట్టనివ్వవు. నాలుగు గంటల ఎడం పెట్టండి.

రక్తం పలచబడే మందు వాడేవాళ్లు షేక్‌లో విటమిన్ కె ఎంతుందో డాక్టర్‌కు చూపండి.

వారానికి కిలోన్నర కంటే ఎక్కువ తగ్గొద్దు. పిత్తాశయంలో రాళ్లు వచ్చే ప్రమాదం పెరుగుతుంది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, 18 ఏళ్ల లోపువాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు వద్దు.

కల్లు, మందు తాగే రోజు షేక్ డైట్ చేయొద్దు. కాలేయం చక్కెర వదలడం ఆపేస్తుంది.

పెళ్లిలో తింటానని పొద్దంతా షేక్‌తో ఉండి గోలీ వేసుకోవద్దు. పెళ్లి భోజనం ఎప్పుడూ లేటే.

కోచ్ చెప్పాడని గోలీ మార్చొద్దు. కోచ్ చెప్పాడని గోలీ ఉంచుకోవద్దు. కోచ్ డాక్టర్ కాదు.

తిండి తగ్గింది, గోలీ తగ్గలేదు: ఈ రెండూ కలిస్తే ఆ రోజే డైట్ ఆపండి.

ఎండలో చెమట, కళ్లు తిరగడం వస్తే వడదెబ్బ అనుకుని మజ్జిగ పోస్తారు. మజ్జిగతో షుగర్ లేవదు. మీటరు ఉంటే చూడండి, లేకపోతే ముందు గ్లూకోజ్ ఇవ్వండి.

మూడు టీ స్పూన్ల గ్లూకోజ్ పొడి నీళ్లలో. 15 నిమిషాలకు మళ్లీ చూడండి. 70 దాటకపోతే మళ్లీ ఇవ్వండి. దాటాక అన్నమో రొట్టెనో తినిపించండి, షేక్ కాదు.

స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. గ్లూకోజ్ ఎక్కించగానే లేచి కూర్చున్నాడని ఇంటికి తీసుకురావొద్దు. గ్లిమెపిరైడ్ ప్రభావం ఒక రోజు దాకా ఉంటుంది, షుగర్ మళ్లీ పడుతుంది. డాక్టర్ పంపేదాకా దవాఖానలోనే ఉంచండి, గోలీ స్ట్రిప్ వెంట తీసుకుపోండి.