రిటైరైన మొగుడు ఇంట్లో ఉంటే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మా వారు రైల్వేలో స్టేషన్ మాస్టర్‌గా చేసి 2022 జూన్ 30న రిటైరయ్యారు. రైల్వేలో 60 ఏళ్లు నిండిన నెల ఆఖరి రోజున దండ వేసి పంపిస్తారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లనైతే ముందు నెల ఆఖరి రోజునే పంపేస్తారు. బళ్లో వేసేటప్పుడు మాస్టారు తోచినట్టు రాసేసిన జూలై 1 పుట్టినరోజు పుణ్యమా అని, ఆయన నాకు ఒక నెల ముందే దక్కారు.

అప్పటిదాకా షిఫ్టుల సందుల్లో చూసిన మనిషి. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి, పండక్కి డ్యూటీ. అలాంటి మనిషి ఇరవై నాలుగ్గంటలూ కళ్లెదురుగా ఉంటే ఏమవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేదు. సామర్లకోటలో మా ఇంట్లో ఎదురైన తంటాలూ, వాటికి నాకు దొరికిన మందులూ ఇవి.

1. వంటింట్లో వెనకాల నిలబడటం

లక్షణం: పోపు వేస్తుంటే భుజం మీంచి తొంగి చూస్తారు. "మంట ఎక్కువైంది" అంటూ ఆయనే తగ్గిస్తారు. ఫ్రిజ్ తెరిచి "ఈ కొత్తిమీర ఎప్పటిది?" అంటారు. ఒకరోజు గుడి నుంచి వచ్చేసరికి పప్పు డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం సర్ది ఉన్నాయి. మినప్పప్పు కోసం ఆరు డబ్బాలు తెరిచాను.

కారణం: నా వంట మీద అనుమానమేమో అనుకుని చాలా రోజులు ఉడికిపోయాను. అది కాదు. 37 ఏళ్లు ఆయన సంతకం లేనిదే బండి కదలలేదు. ఇంటికొచ్చాక చేతిలో ఏ చార్జీ, అంటే బాధ్యత, లేదు. చార్జీ లేని మనిషి పక్కవాళ్ల చార్జీలో తనిఖీ మొదలుపెడతాడు.

పరిష్కారం: దీనికి రెండు భాగాలున్నాయి. మొదటిది హద్దు. రెండు స్టేషన్ల మధ్య పట్టాల ముక్కని బ్లాక్ సెక్షన్ అంటారని ఇన్నేళ్ల కాపురంలో నాకూ వంటబట్టింది. ఒక లైను మీద, ఒక సమయంలో, అందులో ఒక్క బండే ఉండాలి. ముందు స్టేషన్ లైన్ క్లియర్ ఇస్తేనే ఇవతలి నుంచి బండి వదలాలి. "ఏవండీ, ఉదయం ఎనిమిది నుంచి పదిన్నర దాకా వంటిల్లు బ్లాక్ సెక్షన్. నేను లైన్ క్లియర్ ఇవ్వందే గుమ్మం దాటకండి" అన్నాను. నవ్వారు గానీ ఆగారు. అంతకుముందు అదే మాట మామూలు తెలుగులో పదిసార్లు చెప్పినా ఎక్కలేదు. మీ వారిది బ్యాంకైతే క్యాష్ క్యాబిన్‌లోకి ఎవరు పడితే వాళ్లు రారు కదా అనండి. టీచరైతే ఇంకొకరి క్లాసు జరుగుతోందనండి.

రెండోది అసలైన మందు. ఒక పని మొత్తం ఆయనకి అప్పగించాలి. "కాస్త సాయం చెయ్యండి" అనకూడదు. సాయం అంటే పని మనది, చెయ్యి ఆయనది, పురమాయింపులు మనవి. ఆ వయసులో ఎవరూ దానికి ఒప్పుకోరు, ఒప్పుకున్నా రెండో రోజుకి మానేస్తారు. స్టేషన్లో డ్యూటీ మారేటప్పుడు దిగేవారూ ఎక్కేవారూ డైరీలో సంతకాలు పెడతారు. సంతకమయ్యాక వెళ్లిపోయినాయన వెనక్కొచ్చి సిగ్నల్ ముట్టుకోడు. నేను కూరగాయల చార్జీ అలా ఇచ్చాను: ఏం కొనాలో, ఎంత కొనాలో, ఎక్కడ కొనాలో అంతా ఆయనే.

మొదటి వారం ముదురు బెండకాయలు, ఐదు కిలోల టమాటా వచ్చాయి. "చవగ్గా ఇచ్చాడోయ్" అన్నారు. నోటి దాకా వచ్చిన మాట మింగి టమాటా ఊరగాయ పెట్టాను. ఇక్కడ గనక మనం సంచీ లాక్కుంటే కథ మొదటికొస్తుంది. మూడో వారానికి బెండకాయ కొస విరిచి చూడటం నేర్చారు. ఇప్పుడు దొండకాయ ధర గురించి పక్కింటివాళ్లకి ఉపన్యాసం ఇస్తున్నారు. నీళ్ల మోటారు, కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్ కూడా ఆయన చార్జీలోకే వెళ్లిపోయాయి.

2. గంటకో టీ

కారణం ఆకలీ కాదు, దాహమూ కాదు. డ్యూటీలో బండికీ బండికీ మధ్య టీ తాగిన అలవాటు. పొద్దున్న ఒక ఫ్లాస్కు నింపి హాల్లో పెట్టాను, అది అయిపోతే పెట్టుకోవడం ఆయన వంతు. టీ పెట్టడం నేర్పడానికి రెండు రోజులు పట్టింది. సుగర్ ఉంటే ఫ్లాస్కులో చక్కెర వేయకండి.

3. "ఎక్కడికి? ఎప్పుడొస్తావు?"

లక్షణం: చెప్పులు వేసుకుంటే చాలు ప్రశ్న. పక్క వీధికి వెళ్లినా అరగంటకో ఫోను.

కారణం: అదుపు చేయాలని కొంత ఉండొచ్చు, కాదనను. మా ఇంట్లో మాత్రం ఎక్కువ భాగం భయం. ఖాళీ ఇంట్లో ఒక్కరే ఉండటం ఆయనకి కొత్త, నాకు ముప్పై ఏళ్లుగా అలవాటు.

పరిష్కారం: వెళ్లే చోటూ, వచ్చే టైమూ గోడ మీది క్యాలెండర్లో ముందే రాసేస్తాను. చెప్పడం వేరు, అడగడం వేరు. ఆలస్యమైతే ఒక మెసేజ్. "లేటు రన్నింగ్, ఇరవై నిమిషాలు" అని పెడితే మళ్లీ ఫోను రాదు.

4. రాత్రి రెండింటికి లైటు

లక్షణం: అర్ధరాత్రి లేచి హాల్లో లైటు, టీవీలో వార్తలు. మధ్యాహ్నం మాత్రం భోజనమయ్యాక రెండు గంటల నిద్ర.

కారణం: దశాబ్దాల తరబడి మారుతూ వచ్చిన షిఫ్టులు. ఒంట్లో గడియారం రిటైర్మెంట్ ఆర్డరు చదవదు.

పరిష్కారం: పగటి నిద్ర అరగంటకి కుదించాం. పొద్దున్నే ఎండ తగిలేలా భీమేశ్వరుడి గుడి దాకా నడక, సాయంత్రం ఐదు దాటాక టీ బంద్. రెండు నెలల్లో చాలావరకు సర్దుకుంది. వేరే గదిలో పడుకోవడానికి కూడా మొహమాటపడలేదు, అది అలక కాదని పిల్లలకి ముందే చెప్పాను. ఒక హెచ్చరిక: మూత్రానికి పదేపదే లేస్తుంటే అలవాటు అని తోసేయకుండా సుగర్, ప్రోస్టేట్ చూపించాలి. గట్టి గురకతో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేచినా డాక్టరు దగ్గరికే.

5. టీవీ రిమోటు

రెండో టీవీ కొనండి. దీనికి వేరే పరిష్కారం లేదు.

6. సరుకుల చీటీ మీద కోపం

లక్షణం: "కందిపప్పు ఇంతా? నెలకి రెండు కిలోలెందుకు?" ఇన్నాళ్లూ జీతం చేతిలో పెట్టి లెక్క అడగని మనిషి ఇప్పుడు చీటీ పట్టుకు కూర్చుంటారు.

కారణం: ధరలు తెలియకపోవడం ఒకటి. అసలుది భయం. పెన్షన్ ఆఖరి బేసిక్‌లో సగం, దాని మీద డీఆర్, అంటే పెన్షనర్లకిచ్చే కరువు భత్యం. కమ్యుటేషన్ కింద పెన్షన్లో 40 శాతం ముందే ఏకమొత్తంగా తీసుకుని ఉంటే 15 ఏళ్ల పాటు ఆ మేరకు నెలనెలా కోత. డీఆర్ మాత్రం పూర్తి పెన్షన్ మీదే లెక్కగడతారు. ఇంటి అద్దె భత్యం, నైట్ డ్యూటీ డబ్బులు ఉండవు. ఇది ఆయనకి తెలుసు, నాకు చెప్పలేదు. చెప్పని భయం కందిపప్పు మీద పడింది.

పరిష్కారం: ఒక ఆదివారం ఇద్దరం కూర్చుని ఒకే నోట్‌బుక్‌లో అంతా రాశాం. వచ్చేది ఎంత, పోయేది ఎంత, ఎక్కడ ఎంత దాచాం. 60 దాటినవాళ్లకి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షల దాకా వేసుకోవచ్చు. ఐదేళ్ల గడువు, మూడు నెలలకోసారి వడ్డీ. పెన్షన్‌కి తోడు ఆ వడ్డీ పడుతుంటే ఆయన గొంతు మెత్తబడింది.

ఆడవాళ్లు ఇక్కడ మొహమాటపడకండి. పెన్షన్ పేమెంట్ ఆర్డర్ నంబరు మీకు తెలియాలి. అందులో మీ పేరూ పుట్టినతేదీ సరిగ్గా ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడాలి. పెన్షన్ పడే ఖాతా ఇద్దరి పేరు మీదా ఉండాలి. ఆయన తర్వాత మీకొచ్చే మామూలు ఫ్యామిలీ పెన్షన్ ఆఖరి బేసిక్‌లో 30 శాతం, దాని మీద డీఆర్. "అశుభం మాట్లాడకు" అంటారు. మా వారూ అన్నారు. "యాక్సిడెంట్ అవుతుందనే కదండీ మీ స్టేషన్లో రిలీఫ్ బండి ఏర్పాట్లు" అన్నాను, తెచ్చి చూపించారు.

బతికే ఉన్నామని చూపే లైఫ్ సర్టిఫికెట్ కేంద్ర పెన్షనర్లు ఏటా నవంబరులో ఇవ్వాలి. 80 దాటితే అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. ఇప్పుడు ఫోన్‌లో ముఖం చూపించి ఇంట్లోంచే అయిపోతుంది. ఆ చార్జీ నేను తీసుకున్నాను.

7. గడ్డం గీసుకోకపోవడం

ఇది నాకు నాలుగో నెలలో కనబడింది. కూరగాయలకి వెళ్లి వస్తారు, తర్వాత కుర్చీలోనే. ఫోను పక్కనే పెట్టుకుంటారు, అది మోగదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు అన్నం ముద్ద నోట్లో ఉండగా మోగే ఫోను అది.

"ఏదైనా హాబీ పెట్టుకోండి" అన్నాను, అదే నా తప్పు. పనిలేనివాడివి అని మొహం మీద అన్నట్టయింది. ఎదురింటి కుర్రాడు రైల్వే పరీక్షకి చదువుతుంటే సిగ్నళ్ల సంగతి చెప్పమని వాళ్లమ్మ చేత అడిగించాను. ఆ రోజు గడ్డం గీసుకున్నారు. సాయంత్రాలు స్టేషన్‌కి వెళ్తారు. "మీకెందుకు సార్" అని స్టేషన్ వాళ్లన్నా పది రూపాయలిచ్చి ప్లాట్‌ఫాం టికెట్ కొనే లోపలికి వెళ్తారు.

రెండు వారాలు దాటినా తిండీ నిద్రా లేకుండా, దేనిమీదా మనసు పెట్టకుండా ఉంటే మాత్రం సొంత వైద్యం వద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

8. నా చిరాకు

లక్షణం: ఆయన ఏమీ అనకపోయినా ఒళ్లు మంట.

కారణం: పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఇల్లు నాది. రేడియో, ఒక కునుకు, అక్కతో ఫోను. అది పోయింది. పైగా ఇంట్లో ఒకరే రిటైరయ్యారు. నాకు దండ ఎవరూ వేయలేదు.

పరిష్కారం: ఆ రెండు గంటలు నాకు కావాలని సూటిగా అడిగాను, ఆయన లైబ్రరీకి వెళ్తారు. ఆదివారం రాత్రి పొయ్యి వెలిగించను. మొదటి ఆదివారం ఉప్మా ఆయన చేశారు. ఉండలు కట్టింది. తిన్నాం.

9. పరిష్కారం దొరకనిది

పట్టాలు మా ఇంటికి దగ్గర. హారన్ వినబడగానే, నేను ఏం మాట్లాడుతున్నా సరే, చెయ్యి ఎత్తి ఆపి గోడ గడియారం చూస్తారు. "పదకొండు నిమిషాలు లేటు" అంటారు. ఈ మధ్య నేనే ముందు గడియారం చూస్తున్నాను. మొన్న తొమ్మిది అన్నాను. కాదు, పదకొండేనట.