సేవ్ పేరులోనే తర్వాతి పని రాసుకోండి

విశాఖపట్నంలో తుపాను గాలి మొదలైతే కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి, డెస్క్‌టాప్‌పై ఒక పాత్రగా మారి కథ నడిపే రోల్ ప్లేయింగ్ గేములు ఆడేవారు ఆట తనంతట తానే చేసుకునే ఆటోసేవ్‌ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. 2011లో వచ్చిన స్కైరిమ్‌లోనూ, 2023 నాటి బాల్డర్స్ గేట్ 3లోనూ కీబోర్డుపై ఎఫ్5 నొక్కితే చాలు, వెంటనే సేవ్ అవుతుంది. అయితే స్కైరిమ్‌లో ఆ కొత్త సేవ్ పాతదాన్ని చెరిపేస్తుంది కనుక, ముఖ్యమైన మలుపుకు ముందు మెనూలోకి వెళ్లి విడిగా సేవ్ చేసుకోవాలి. బాల్డర్స్ గేట్‌లో సేవ్‌కు మనమే పేరు పెట్టవచ్చు. అక్కడ తేదీకి బదులు ‘గాబ్లిన్ శిబిరం, హాల్సిన్‌ను విడిపించాలి’ అని (హాల్సిన్ ఆ ఆటలోని ఓ పాత్ర) తర్వాతి పనినే రాసుకుంటే, గాజువాకలో షిఫ్టుల ఉద్యోగం చేసుకుంటూ ఏ నెలకోసారో ఆట ముందు కూర్చునే నాలాంటి పాత ఆటగాళ్లు కథ ఎక్కడ ఆగిందో వెతుక్కోవలసిన అవసరం ఉండదు. క్వెస్టుల జాబితా, అంటే ఆట అప్పగించిన పనుల పట్టిక, ఉంది కదా అంటారు గానీ, అందులో అరడజను పనులు ఒకేసారి నోరు తెరుచుకుని కూర్చుంటాయి.